పట్టుకున్నవి పంతొమ్మిది

కర్నూలు
4 జులై 2024, గురువారం

జ్ఞానరాజు అన్నకు,

"స్తుతిది రాతిగుండె" అని నువ్వు ఏసుమణి వదినతో అన్నావట. అమ్మే చెప్పింది, నవ్వుకుంటూ. స్కాన్ వచ్చిన రోజు నేను ఏడవలేదు కాబట్టి నాకు బాధ లేదని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆ రోజు వరండాలో నువ్వు ఏడ్చావు, వదిన ఏడ్చింది, తోడు వచ్చిన లాజరు పాస్టరు గారు కూడా తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నారు. అమ్మ మీ ముగ్గురికీ నీళ్ల సీసా అందిస్తూ కూర్చుంది. లోపల డాక్టరు చెప్పేది వినడానికి ఒక మనిషి కావాలి కదా. మూడేళ్ల కిందట రొమ్ములోంచి కోసి తీసేసిన క్యాన్సర్ ఇప్పుడు నడుము ఎముకల్లోకి వచ్చిందనీ, ఇక నయం చేయడం ఉండదు, అదుపులో పెట్టడమే ఉంటుందనీ ఆ గదిలో నిలబడి విన్నది నేను. విని బయటికి వచ్చేటప్పుడు నా ముఖం ఎలా ఉండాలో మీరా చెప్పేది?

ఇంకోటి. నేను నర్సును కాను. బ్లడ్ బ్యాంకులోనూ లేను. చిన్నమామ నన్ను "కర్నూలులో రగతం తీసే పాప" అని పరిచయం చేస్తున్నాడట. ఎమ్మెస్సీ చదివింది దానికేనా అని వీధిలో అడుగుతున్నారట. కాబట్టి ఒక్కసారి సరిగ్గా రాస్తాను, చదివి అందరికీ చెప్పు.

ఒంట్లో ఉన్న క్యాన్సర్ గడ్డ నుంచి కొన్ని కణాలు ఊడి రక్తంలో పడతాయి. ఒకచోటి జబ్బును ఇంకోచోటికి మోసేవి అవే. పది మిల్లీలీటర్ల రక్తం తీస్తే, అంటే రెండు చెంచాలు, అందులో ఎర్ర కణాలే ఐదువేల కోట్లు ఉంటాయి. మాకు కావలసినవి నాలుగో, పదో. వదిన పిండి జల్లించినట్టు ఆ రక్తాన్ని ఒక సన్నటి జల్లెడ మీద పోస్తాం. మామూలు కణాలు కిందికి జారిపోతాయి. క్యాన్సర్ కణాలు పెద్దవి, పైన ఆగిపోతాయి. వాటికి రంగులు పట్టించి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ వెతుకుతాం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. ఇదీ నా పని. ఈ పరిశోధనకు రక్తం ఇవ్వడానికి అమ్మ ఒప్పుకుంది, కాగితం మీద వేలిముద్ర వేసింది. నాలుగు వారాలకొకసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు తీస్తాం.

మంగళవారం తీసిన అమ్మ రక్తంలో పదకొండు పట్టుకున్నాం. నిజానికి ఇది నేను బయట చెప్పకూడదు. ట్యూబు మీద పేరు ఉండదు, కె-31 అని ఉంటుంది. కానీ ఆ ట్యూబు నింపింది నేనే. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

రేపటి నుంచి మాత్రలు మొదలు. రెండు వారాలు మింగాలి, ఒక వారం ఆపాలి. చీటీ సంచిలో ఉంది.

ఇవన్నీ ఫోనులో మాట్లాడలేం. మీ ఇంట్లో ఉన్నది ఒకే గది, స్పీకరు పెడితే తప్ప నీ ఫోను వినబడదు, పక్కనే అమ్మ. అందుకే రాసి ఆమె సంచిలోనే పెడుతున్నాను. ఆమెకు చదవడం రాదు కదా. తన కబురు తానే మోసుకుపోతోంది, "పాత జబ్బు కాస్త మిగిలింది, మాత్రలతో పోతుంది" అని మనం చెప్పింది నమ్మి. నయం కాదని ఆమెకు చెప్పనని నీకు మాట ఇచ్చాను. ఇచ్చినందుకు ప్రతి రోజూ చిరాకుపడుతున్నాను. ఎన్నాళ్లు దాచాలో నువ్వే చెప్పు.

స్తుతి


రాజంపేట
28 జులై 2024, ఆదివారం

చెల్లెలు స్తుతికి, ప్రభువు పేరట వందనాలు చెప్పి అన్న రాసేది.

ఈడ మేమంతా బాగుండాం. రాతిగుండె మాట ఏదో కోపంలో అన్నా. దాన్ని అమ్మ కర్నూలు దాకా మోసుకొచ్చిందా? ఆమెకు సంచిలో బరువు చాలలేదేమో.

పదకొండు పట్టుకున్నారని ఏసుమణికి కూడా చదివి చెప్పినా. నా చదువు ఇంటర్ కాడ ఆగిపోయింది, బొప్పాయి తోటల్లో కోత మేస్త్రిని. అయినా నువ్వు జల్లెడ సంగతి రాసినాక బాగా తలకెక్కింది. పోయిన ఏడాది మన వీధికి కోతులు పట్టేవాళ్లు వచ్చినారు గదా, బోను పెట్టి ఇరవై రెండు పట్టుకుపోయినారు. ఆ తర్వాత ఇంతవరకు ఒక్క ఇంటి మీద రేకు కదల్లేదు. ఆ పట్టేవానికి గుంపులో ఎన్ని ఉండాయో చూడంగానే తెలిసిపోతాదంట. నువ్వూ చూసి చెప్పు, అమ్మలో ఇంకెన్ని ఉండాయి? ఒకేసారి ఎక్కువ రక్తం తీసే వీలు లేదా?

అమ్మకు చెప్పాల్సినంత మటుకు చదివి చెప్పినా. ఆమె సంతోషం చూడాల్సింది. "నా కూతురు దొంగల్ని పడతాంది, పోలీసోళ్లు పనికిరారు" అని కుళాయి కాడ అందరికీ చెప్పుకుంది.

ఆ ఇంకో మాట మాత్రం చెప్పొద్దు పాపా. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉంటివి, నీకు తెల్లేదు. నాయనకు డాక్టరు ముఖం మీదే చెప్పేసినాడు, ఇంక ఇంటికి తీసుకుపోండి అని. ఆ సాయంత్రం నుంచి నాయన ముద్ద ముట్టలేదు. గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు. తొమ్మిది రోజులు. జబ్బు చంపలేదు నాయనను, మాట చంపింది. నేను పక్కనే ఉండి చూసినా. అమ్మను అట్ల చూడలేను.

కడపలో బస్సు ఎక్కించి పంపిస్తాండా. నిమ్మకాయ పచ్చడి ఏసుమణి పెట్టింది, మూత గట్టిగా లేదు, చూసి తీ.

అన్న
జ్ఞానరాజు


కర్నూలు
1 ఆగస్టు 2024, గురువారం

అన్నా,

పచ్చడి నీ ఉత్తరం మీదే కారింది. నాయన సంగతి రాసిన చోట నూనె మరక పడింది. అయినా చదివాను, రెండుసార్లు. నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నీ భయం అర్థమైంది. అయితే నాయన, అమ్మ ఒకటి కాదని కూడా నాకు తెలుసు.

నీ కోతుల పోలిక మా ల్యాబు పెద్ద శివజ్యోతి మేడంకు చెబితే నవ్వారు. ఎన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. పది మిల్లీలీటర్లకు మించి తీయడానికి మాకు అనుమతి లేదు.

ఈసారి నాలుగే. జల్లెడంతా ఒక చివర నుంచి ఇంకో చివరికి రెండుసార్లు వెతికాను, నాలుగే దొరికాయి. చీకటి గదిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఎదురుగా మందుల కొట్టు ముందు జనం చూస్తున్నా ఆపుకోలేకపోయాను. వదినకు చెప్పు, రాతిగుండె ఏడ్చిందని.

అమ్మ అడిగింది, "ఈతూరి ఎన్ని దొరికినాయి?" అని. నాలుగు అన్నాను. "నాలుగేనా?" అని మూతి ముడుచుకుంది. ఆమె వేళాకోళం నీకు తెలుసు కదా.

మాత్రలకు ఆమె అరచేతులు, అరికాళ్లు ఎర్రగా కాలినట్టయి తోలు ఊడుతోంది. చెంబు పట్టుకోలేకపోతోంది. రేషన్ బండి దగ్గర జరిగింది చెప్పి నన్ను నవ్వించింది: "మిషను మీద వేలు పెడితే పడలే. ఇంకో వేలు పెట్టినా పడలే. పది వేళ్లూ పెట్టినా. 'నువ్వు ప్రేమమ్మవి కాదు పో' అనింది మిషను. పుట్టినకాడ్నుంచి ఈ ఊర్లో ఉండేది నేనేనే అంటే వింటాదా!" ఆ మాత్రలు వేలిముద్రలను చెరిపేస్తాయి, డాక్టరు గారు ముందే చెప్పారు. కొబ్బరినూనె రాయండి, చేతులకు వేడి తగలనివ్వకండి. ఈ బాధ కొన్నాళ్లు ఓర్చుకోవాలి.

హాస్టల్ ఖాళీ చేసి ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది తీసుకున్నాను. అమ్మ వచ్చినప్పుడు ఉండటానికి. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, చేయి చాపితే అందుతుంది. అమ్మకు మాత్రం నచ్చింది, గోడ మీద బల్లులతో మాట్లాడుతోంది.

నీ చెల్లెలు
స్తుతి


రాజంపేట
25 ఆగస్టు 2024, ఆదివారం

స్తుతికి,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండును గాక. ఉత్తరం అందింది. ఏడవాకు పాపా. నీ అన్న ఉండాడు. నువ్వు చిన్నప్పుడు పడి మోకాలు పగిలితే కూడా ఏడ్చేదానివి కాదు, అట్లాంటిది మెట్ల మీద కూర్చుని ఏడ్చినావంటే మేమంతా ఆ ముక్కే మళ్లీ మళ్లీ చదువుకున్నాం.

పాస్టరు గారు శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టినారు. సంఘమంతా వచ్చినారు. ఈడ అడ్డంగా ఉండేవి ఉంటే తీసేసినాం, నువ్వు దిగులు పడాకు. అమ్మ ఇప్పుడు బాగా తింటాంది. రాగిముద్ద, కోడి చియ్యల కూర అడిగి చేయించుకుంది మొన్న.

తోటల్లో కోత ముమ్మరంగా ఉండాది, లారీలు వస్తాండాయి, ఎక్కువ రాయలేను. ఆ మాట చెప్పొద్దు. మాట ఇచ్చినావు.

అన్న


కర్నూలు
29 ఆగస్టు 2024, గురువారం

అన్నా,

నీ ఉత్తరం చదివి నిన్ను మళ్లీ ఇష్టపడటం మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ కాస్త కష్టంగా ఉండేది.

అమ్మ చేతులు చూసి ఆశ్చర్యపోయాను. తోలు మళ్లీ వచ్చింది, చెంబు పట్టుకుంటోంది, నా గది తుడిచి బట్టలు ఉతికింది. రేషన్ మిషను కూడా ఈ నెల ఆమెను గుర్తుపట్టిందట. "నేను ప్రేమమ్మనే అని ఒప్పుకుంది మే, క్షమాపణ మాత్రం చెప్పలే" అంది. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగితే, "నీ అన్న ఇచ్చేవన్నీ మింగుతాండా" అంది. అడ్డంగా ఉన్నవి తీసేశామని రాశావు. నీళ్ల బిందెలు మోయడం మాన్పించారని అమ్మ చెప్పింది. మంచి పని చేశారు.

ఈసారి పంతొమ్మిది. దాని గురించి ఇప్పుడే ఏమీ రాయను. సంఖ్యలు బయట చెప్పొద్దని మొన్న మేడం మా అందరినీ కూర్చోబెట్టి మళ్లీ హెచ్చరించారు. నావైపు చూసి అన్నారో లేదో తెలియదు. రంగుల సీసా కొత్తది తెరిచాం, అందులో తేడా ఉందేమో చూడాలి. వచ్చే నెల స్కాన్ తీయించమని డాక్టరు గారిని అడిగాను. అమ్మను ఒకరోజు ముందుగా పంపు.

అమ్మ పక్కనే కూర్చుని నేను రాసేది చూస్తోంది. "అంత పొడుగు ఏం రాస్తాండావు, వానికి చదివే తీరికుండాదా?" అంటోంది. అక్షరాల మీద వేలు పెట్టి "ఇది నా పేరా?" అని అడిగింది. కాదు, నీ జబ్బు పేరు అనాలనిపించింది. అనలేదు.

స్తుతి


రాజంపేట
22 సెప్టెంబరు 2024, ఆదివారం

నా చెల్లెలు స్తుతికి, దేవునికి స్తోత్రం చెప్పి రాసేది.

పంతొమ్మిది! నీ ఉత్తరం ఈడ ఎంతమంది చేతులు మారిందో నీకు తెల్లేదు. నువ్వు గొప్పలు చెప్పుకునేదానివి కాదు కాబట్టి ఒక్క ముక్కతో వదిలేసినావు. మేము వదల్లేదు.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెబుతాండా. ముందే చెబితే చదువుకున్న దానివి ఎగిరి పడతావని చెప్పలేదు. నాలుగే దొరికినాయని నువ్వు ఏడ్చినావే, ఆ వారమంతా నేను తోటలో కూర్చుని ఒకటే ఆలోచన. పదకొండు దొరికిన నెలకూ నాలుగు దొరికిన నెలకూ ఏం తేడా? మాత్రలు! పదకొండు పట్టినప్పుడు మాత్రలు ఇంకా మొదలు కాలేదు. మాత్రలు పడినాక నాలుగే. ఆ మందు రక్తంలో కలిసి మీ జల్లెడకు అడ్డం పడతాంది, దొంగలు యాడో దాక్కుంటాండారు. పైగా చేతులు పుండ్లు, తిండి లేదు. ఆగస్టు మొదటి వారమే ఆపేసినా. పాస్టరు గారికి చెబితే "డాక్టరును అడిగినావా జ్ఞానరాజూ?" అన్నారు. నా చెల్లెలే డాక్టరు మాదిరి అయ్యా అన్నా. అమ్మకు చీటీలో ఉండే బలం మాత్రలు మాత్రం ఇస్తాండా. చూడు ఇప్పుడు! నాలుగు నుంచి పంతొమ్మిది!

పోయిన ఆదివారం అమ్మ సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది. నువ్వు ఉండాల్సింది. "నా ఒంట్లో దొంగలు పడినారు. నా కూతురు చేతికి దేవుడు జల్లెడ ఇచ్చినాడు. పదకొండు, నాలుగు, పంతొమ్మిది, మొత్తం ముప్పై నాలుగు మంది దొరికినారు. ఇంక నాలుగు తూర్లు పోతే ఒక్కడు కూడా మిగలడు" అనింది. అందరూ చప్పట్లు కొట్టినారు. పై వీధి గిడ్డమ్మకు గొంతులో గడ్డ, ఆమె కూడా నీ కాడికి వస్తానంటాంది, ఆమెవీ పట్టాలంట.

ఇంత మంచి జరుగుతాంటే ఆ చెడ్డ మాట చెప్పాల్సిన పనే లేదు గదా. నువ్వే ఒప్పుకుంటావు ఇప్పుడు.

అన్న
జ్ఞానరాజు


కర్నూలు
26 సెప్టెంబరు 2024, గురువారం

అన్నా,

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. అమ్మ నా దగ్గరే ఉంది, పంపడం లేదు. నిన్న ఫోను చేస్తే నువ్వు స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నావు, నేను పెట్టేశాను. కాబట్టి రాస్తున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

నాలుగు మంచి సంఖ్య. పంతొమ్మిది చెడ్డ సంఖ్య. ఈ మంగళవారం యాభై ఏడు. అది ఇంకా చెడ్డది.

మేము చేసేది వైద్యం కాదు. ఒంట్లో ఉన్న ఐదు లీటర్లలోంచి రెండు చెంచాలు తీసి చూస్తాం. జొన్నల మూటలో చేయి పెట్టి ఒక గుప్పెడు తీసి, అందులో పుచ్చులు ఎన్ని ఉన్నాయో చూసినట్టు. గుప్పెట్లో పుచ్చులు ఏరేస్తే మూట బాగుపడదు. గుప్పెట్లో ఎక్కువ ఉన్నాయంటే మూటలో ఎక్కువ ఉన్నాయని. మాత్రలు పనిచేశాయి కాబట్టే పదకొండు నాలుగయ్యాయి. నేను మెట్ల మీద ఏడ్చింది సంతోషంతో. మాత్రలు ఆపారు కాబట్టి నాలుగు పంతొమ్మిది అయింది, యాభై ఏడు అయింది. సోమవారం తీసిన స్కాన్‌లో కాలేయంలో కూడా మచ్చలు ఉన్నాయి. మొదటి స్కాన్‌లో అక్కడ ఏమీ లేదు.

ఇక నేను చేసింది రాస్తాను. "పట్టుకున్నాం" అని రాశాను. మా ల్యాబులో అందరం అలాగే అంటాం, ఆ మాట బయటికి వెళితే ఏమవుతుందో ఆలోచించలేదు. అమ్మ వేలిముద్ర వేసిన కాగితంలో "ఈ పరీక్ష వల్ల మీకు ప్రత్యేకంగా మేలు ఉండదు" అని ఒక వాక్యం ఉంది. అది ఆమెకు చదివి వినిపించింది నేనే. వేగంగా చదివాను. ఆగస్టులో అమ్మ చేతులు బాగుపడితే ఆశ్చర్యపోయాను, వేలిముద్ర పడిందంటే నవ్వాను. ఆ మాత్రలు వేసుకునే మనిషికి వేలిముద్ర తిరిగి రాదని నాకు తెలుసు. తెలిసినదాన్ని చూడలేదు. పంతొమ్మిది అని చెబితే అమ్మ చప్పట్లు కొట్టింది. ఆమెకు అర్థం కాలేదని నాకు ఆ క్షణమే తెలిసింది. సరిచేయాలంటే మొదటినుంచీ చెప్పాలి, నయం కాదనే మాట దగ్గరికి వెళ్లి ఆగాలి. నీకిచ్చిన మాట అడ్డం వచ్చింది. ఊరుకున్నాను.

ఇవన్నీ మేడంకు చెప్పాను. కె-31 ట్యూబును ఇక ముట్టుకోవద్దన్నారు. సంఖ్య బయట చెప్పినందుకు రాతపూర్వకంగా వివరణ అడిగారు, ఇచ్చాను. పని ఉంటుందో పోతుందో తెలియదు.

డాక్టరు గారు నిన్న అన్నారు: వారం వారం ఇంజెక్షన్ పెట్టి చూడవచ్చు, పనిచేస్తే కొన్ని నెలలు దొరుకుతాయి, జుట్టు పోతుంది, నీరసం ఎక్కువ. లేదా అది వద్దనుకుని నొప్పికి మాత్రమే మందు తీసుకుంటూ ఉండొచ్చు. రెండింటిలో ఏది కావాలో రోగి చెప్పాలి, కొడుకూ కూతురూ కాదు. "ఆమెకు తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను.

గిడ్డమ్మను ముందు కడప ఆసుపత్రికి తీసుకెళ్లి గొంతు చూపించు. నా దగ్గరికి కాదు.

స్తుతి


రాజంపేట
30 సెప్టెంబరు 2024

స్తుతీ,

మూడుసార్లు చదివినా. నాలుగోసారి ఏసుమణి గుంజుకుంది.

పట్టుకున్నాం అని రాసింది నువ్వు. పట్టుకుంటే పట్టుకున్నట్టే గదా. పట్టుకుని మళ్లీ వదిలిపెట్టినట్టు యాడ రాసినావు? నీ చదువు నీ కాడ పెట్టుకుని మాకు సగం సగం మాటలు పంపిస్తివి. నేను మా అమ్మ నోట్లో మాత్ర వెయ్యకుండా నా చేత్తో సీసా మూత పెట్టినా, రెండు నెలలు. ఈ చేతిని ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

చెప్పొద్దు. ఇప్పుడు ఇంకా చెప్పొద్దు. సంఘం ముందర నిలబడి సాక్ష్యం చెప్పింది ఆమె. అది అబద్ధమని తెలిస్తే ఆమెకు దేవుడు కూడా మిగలడు. నాయనకు తొమ్మిది రోజులు పట్టింది, ఆమెకు అన్ని కూడా పట్టవు. ఇంజెక్షన్లు పెట్టించు, బలానికి అని చెప్పు. కాగితం మీద నువ్వు సంతకం పెట్టు. నేను కూడా వచ్చి పెడతా.

చెప్పినావంటే ఆమె చావు నీ మీద ఉంటాది. ఇంక నాకు చెల్లెలు లేదు.

జ్ఞానరాజు


కర్నూలు
4 అక్టోబరు 2024, శుక్రవారం

అన్నా,

నీ ఉత్తరం నిన్న అందింది. అమ్మ తలుపు దగ్గర పోస్టుమాన్ చేతిలోంచి తీసుకుని నాకు ఇచ్చింది. నేను చదువుతున్నంతసేపూ ఉల్లిగడ్డలు కోస్తూ నన్నే చూసింది. చదివి మడిచి పెట్టాక అడిగింది.

"నిమ్మ కోతకు మనుషుల పేర్లు రాసుకుంటాడు గదా మీ అన్న, దసరా అయినాక. నా పేరు రాసినాడా, అడుగు."

"నీకెందుకమ్మా ఇప్పుడు కోత?"

"పనికి నేను పోతానా పోనా అనేది కాదు మే. వాడు మేస్త్రి. కోతకు పనికిరాని మనిషి ఎవురో వానికి ముందే తెలుస్తాది, చెప్పకుండా పేరు వదిలేస్తాడు. ఆయమ్మ వచ్చి అడిగితే నేల చూస్తాడు. పోయిన నెలంతా వాడు నాతో నేల చూసే మాట్లాడినాడు. సంఘంలో అందరూ చప్పట్లు కొడతాంటే వాడొక్కడు బయట చెప్పులకాడ నిలబడుకున్నాడు. నన్ను వదిలేసినాడా?"

ఆమె ఉల్లిగడ్డలు కోయడం ఆపలేదు.

"నాకు యాడాది ఉండాదా?" అంది. ఇంకాసేపటికి, "ఆర్నెల్లు?" అంది.

కూర మాడింది. ఇద్దరం మజ్జిగన్నం తిన్నాం.

అన్నా, నువ్వు చప్పట్లు కొట్టలేదని నాకు ఆమె చెప్పేదాకా తెలియదు. నీ ఉత్తరంలో "అందరూ" అని రాశావు. నీకూ లోపల ఎక్కడో అనుమానం ఉంది, నాకూ ఉంది, ఇద్దరం ఒకరికొకరం స్తోత్రాలు, సంఖ్యలు రాసుకున్నాం. నీ చేతిని ఏం చేయాలో నాకు తెలియదు. నా కళ్లను ఏం చేసుకోవాలో కూడా తెలియదు.

సాక్ష్యం గురించి రాశావు. ఆమె అబద్ధం చెప్పలేదు. మనం చెప్పినదాన్ని నమ్మి, నమ్మినంత చెప్పింది. నాయన తొమ్మిది రోజుల గురించి రాశావు. నాయనను గోడవైపు తిప్పింది ఆ మాటో, ఆ మాట తర్వాత మీరెవరూ ఆయనతో ఇంకేమీ మాట్లాడకపోవడమో, నేను అక్కడ లేను కాబట్టి చెప్పలేను. నువ్వు ఉన్నావు. నీకు తెలుస్తుంది.

అమ్మ ఇప్పుడు కుడివైపు పక్కటెముకల కింద చేయి అదిమి పట్టుకుని నడుస్తోంది. పడుకుంటే ఎడమవైపే. అన్నం సగం వదిలేస్తోంది. నిన్నటి నుంచి కళ్లు పచ్చబడ్డాయా, నా అనుమానమా అని వెలుగులోకి తిప్పి చూస్తున్నాను. ఆమె నవ్వి, "ఏం చూస్తావు, ఈడ కూడా జల్లెడ పెడతావా?" అంటోంది. ఆమె అడిగిన ఆరు నెలలు ఆమెకు ఉన్నాయని నేను అనుకోవడం లేదు.

బలానికి ఇంజెక్షన్ అని చెప్పమన్నావు. చెప్పను. ఆమె బదులు సంతకం పెట్టమన్నావు. పెట్టను, నువ్వు వచ్చి పెట్టినా డాక్టరు గారు తీసుకోరు, అడిగాను.

ఎనిమిదో తేదీ మంగళవారం, పదిన్నరకు డాక్టరు గారు సమయం ఇచ్చారు. గదిలో అమ్మ, ఆయన, నేను ఉంటాం. చెప్పేది ఆయన కాదు, నేనే. కాలేయానికి వచ్చిందని చెబుతాను. నయం కాదని చెబుతాను. మాత్రలు ఎందుకు ఆగాయో, అందులో నీ పొరపాటు ఎంతో నా పొరపాటు ఎంతో చెబుతాను. ఇంజెక్షన్ పెట్టించుకుంటే ఏమవుతుందో, పెట్టించుకోకపోతే ఏమవుతుందో చెబుతాను. ఏది కావాలో ఆమె చెబుతుంది. ఏమీ వద్దు, రాజంపేటకు తీసుకుపో అంటే నేనే తీసుకొస్తాను.

ఈ ఉత్తరం సోమవారానికి నీకు చేరుతుంది. రావాలనుకుంటే ఆ సాయంత్రమే బస్సు ఎక్కు. నువ్వు వచ్చినా చెబుతాను, రాకపోయినా చెబుతాను.

స్తుతి